ఉప్పునీళ్ల రేడియో

మా తమ్ముడు మద్దిలేటి కుదురుగా కూర్చోగా నేను చూసింది ఒక్క మంగలి ముందరే. అదీ కత్తి గొంతు మీద ఉంటుంది కాబట్టి. మిగతా పొద్దంతా వాడు లేస్తాడు, తిరుగుతాడు, వాకిట్లోకి పోతాడు, మళ్లీ లోపలికొస్తాడు, ఎందుకొచ్చినాడో మరిచిపోయి నా మొగం చూస్తాడు. "ఏం పోగొట్టుకున్నావురా?" అంటే "ఏం లేదుక్కా" అంటాడు. అరవై దాటిన మనిషి. వాడు తొక్కీ తొక్కీ మా వాకిట్లో బండలు నున్నగైపోయినాయి. ఫ్యాక్టరీ మిషన్ కూడా వాటికి అంత పాలిష్ పట్టలేదు.

వాని గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. నేను చదివింది మూడో తరగతి, అదీ సగం. అయినా మా బేతంచెర్లలో ఇప్పుడు వాని గురించి తలా ఒక కథ చెప్పుకుని నవ్వుతున్నారు, ఒక్కరూ సరిగ్గా చెప్పడం లేదు. వాన్ని చంకనేసుకుని మోసిన దాన్ని నేను. చెప్తే నేనే చెప్పాల. ఇంకొక సంగతి. కాయితం కాబట్టి 'ఉంది' అని రాస్తున్నా గానీ, నోటితో నేను 'ఉండాది' అనే అంటా. ఎవరి కోసమూ మార్చుకోను.

మద్దిలేటిది బండల పని. క్వారీ నుంచి నాపబండ ఫ్యాక్టరీకి దిగితే, కోతకు పెట్టే ముందర వాడు దాన్ని నిలబెట్టి, వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనిస్తాడు. లోపల పగులుంటే సద్దు చచ్చినట్టుంటుందంట. నాకైతే అన్నీ ఒకటే టకటక. "దీన్ని పక్కన పెట్టండప్పా" అని వాడంటే పక్కన పెడతారు. వాడు బాగుందన్న బండ మిషన్ కింద రెండు ముక్కలైన రోజులూ ఉన్నాయి. ఆ రోజుల్లో ఇంటికొచ్చి అన్నంలో ఉప్పు లేదని నా మీద అరుస్తాడు.

వానికి ఒక్కతే కూతురు, యామిని. పిల్ల పలక పట్టకముందే తల్లి పోయింది. అప్పటికి నా మొగుడూ పోయి ఉన్నాడు. నేను మూట కట్టుకుని తమ్ముడింటికి వచ్చి ఆ పిల్లను పెంచినాను. కర్నూలులో చదివేటప్పుడు ఏసుమణి అనే పిల్లగాన్ని ఇష్టపడింది. వాళ్లది కోసిగి పక్క. వానికి అండమాన్ దీవుల్లో ఓడల రేవు దగ్గర పని దొరికింది. ఇద్దరూ అక్కడికి పోయి పెండ్లి చేసుకున్నారు. చేసుకున్నాక నాయనకు ఫోన్ చేసి చెప్పింది.

మద్దిలేటికి కోపం పిల్లగాని కులం మీద అని కొందరు, మతం మీద అని కొందరు చెప్తారు. అన్నీ అబద్ధాలు. వాని కోపమంతా ఆ ఫోన్ మీద.

"పెండ్లి ఫోన్లో చెప్పే మాటనా అక్కా? గ్యాసు అయిపోయిందని చెప్పినట్టు చెప్పె! బస్సెక్కి వచ్చి, ఎదురుగా నిలబడి చెప్పుంటే కొట్టేవాన్నో తిట్టేవాన్నో, ఏదో ఒకటి చేసి అయిపోయేది."

ఆ ఊపులోనే మద్దిలేటి స్వామి కొండకు పోయి, గుడి మెట్ల మీద, పది మంది ఇంటుండగా ఒట్టు పెట్టినాడు. "స్వామీ, నా కాళ్లు నేల మీద ఉన్నంతవరకు ఫోన్లో దాని గొంతు ఇనను." బతికున్నంతవరకు అనడానికి మా పక్క అట్ల అంటారు. ఆ స్వామి పేరే పెట్టుకుని, ఆ స్వామి ముందరే పెట్టిన ఒట్టు. ఇంక తప్పేదెట్ల?

పిల్ల మాత్రం తక్కువ తిన్నదా? "నాయన నోటితో నన్ను పిలిస్తేనే వస్తా అత్తా, లేకపోతే రాను" అనింది. నాకు మాత్రం ఫోన్ చేస్తుంది. నా ఫోన్ మోగిందంటే చాలు, మద్దిలేటి చెప్పులు కూడా వేసుకోకుండా సందులోకి పోతాడు. పక్కింటి భీమమ్మ గోడ దాకా పోవడం, రావడం, పోవడం, రావడం. నేను ఫోన్ పెట్టేసినాక లోపలికొచ్చి, చెంబు అటు జరిపి ఇటు జరిపి, "ఏమంట?" అంటాడు.

"ఎవరు?"

"ఎవరో."

"ఎవరో బాగుండారంట."

"ఊ" అని మళ్లీ బయటికి పోతాడు. ఏండ్లుగా ఇదే తంతు. చూసీ చూసీ నా కండ్లు తిరిగేవి.

ఒకనాడు సంగటి పెడుతూ మాటవరసకు చెప్పినాను. "నీ కూతురు ఆ దీవి రేడియోలో తెలుగు కార్యక్రమం చెప్తాందంట. దినమూ మధ్యాహ్నంపూట."

ముద్ద నోటి దాకా పోయి ఆగింది. "రేడియోలోనా?"

"రేడియోలో."

"రేడియో ఫోన్ కాదు గదా?"

"నీకేమన్నా తిక్కనా?"

"అవునో కాదో చెప్పక్కా!"

"కాదురా."

ముద్దను పళ్లెంలో పెట్టేసి చెయ్యి కడుక్కున్నాడు. అటక ఎక్కినాడు. మా నాయన నాటి రేడియోను, దానితోపాటు అటక మీది దుమ్మంతా నా నెత్తిన దించినాడు.

రైల్వేస్టేషన్ దగ్గర ప్రేమయ్య అంగడి ఉంది. ఇప్పుడు అమ్మేది సెల్‌ఫోన్ కవర్లే గానీ, ఒకప్పుడు ఊరి రేడియోలన్నీ అతనే బాగు చేసేవాడు. రేడియోను ఇప్పి, తుడిచి, వైరేదో అతికించి ప్రేమయ్య అన్నాడంట, "ఎందుకు మామా ఈ అవస్థ? ఆ స్టేషన్ ఇప్పుడు ఫోన్లోనే వస్తాది, యాప్ ఉండాది."

"ఫోన్లోనా? వద్దు."

"అరే, అదే గొంతు మామా!"

"ఫోన్లో వద్దంటే వద్దప్పా."

ప్రేమయ్యకు వీని ఒట్టు సంగతి తెలియదు. ముసలోనికి ఎండ దెబ్బ తగిలిందనుకున్నాడంట.

చీకటి పడినాక ఆ దీవి స్టేషన్ మా ఇంట్లో సన్నగా వచ్చేది. ఏవో హిందీ పాటలు, మధ్యలో ఈల వేసినట్టు సద్దు. ముల్లు నిలబడిన చోట మద్దిలేటి కుంకుమ బొట్టు పెట్టినాడు. తెల్లారితే స్టేషన్ మాయం. మధ్యాహ్నం అదే బొట్టు మీద ముల్లు పెడితే, బాణలిలో నూనె కాగుతున్న సద్దు, అంతే. పైగా చుట్టూ బండల మిషన్లు, వాటి కరెంటు గోల రేడియోలో గొరగొర. ఒకసారి సరిగ్గా ఆ వేళకే కరెంటు పోయి మిషన్లన్నీ ఆగితే, మావాడు రేడియో చంకన పెట్టుకుని క్వారీ దిబ్బల మీదికి పరిగెత్తినాడు. మోకాలు కొట్టుకుని వచ్చినాడు గానీ గొంతు రాలేదు.

మళ్లీ ప్రేమయ్య దగ్గరికి. "రాత్రి వచ్చేది పగలేంటికి రాదప్పా?"

"రాత్రిపూట అది మిన్ను మీదికి ఎగిరి, ఆడ తగిలి కిందికొస్తాది మామా. పగలు ఆ పైదారి మూసుకుపోతాది. నేల పట్టుకుని పాకుతా రావల్ల. మన నేల చూడు, అంతా రాయి, ఎండ. పాకేలోపలే ఇంకిపోతాది. అదే ఉప్పునీళ్ల మీద అయితే ఎంత దూరమైనా జారుకుంటా వస్తాది."

ప్రేమయ్య చెప్పింది సముద్రం. మావాడు ఇన్నది బోరు.

వాన్ని ఏమనాల? మా ఊర్లో ఉప్పునీళ్లంటే బోరునీళ్లే. తాగేవి మంచినీళ్లు, కుళాయికి వస్తాయి, వచ్చిన నాడు. గిన్నెలు తోమేవి, గొడ్లు తాగేవి ఉప్పునీళ్లు. పుట్టినప్పటి నుంచి ఆ మాటకు మాకు ఆ ఒక్క అర్థమే. సముద్రాన్ని ఎవరు చూసొచ్చినారు?

మర్నాడు ఎండ నడినెత్తికొచ్చే వేళకు మద్దిలేటి బోరు మోటరు వేసినాడు. బర్రెకు నీళ్లు పెట్టే సిమెంటు తొట్టి నిండింది. రేడియోకు ఒక వైరు కట్టి దాని కొస తొట్టిలో వేసినాడు. అది చాలక పైపు పట్టుకుని వాకిలంతా తడిపి, గడప దాటి, సందులో తూర్పుకు నీళ్లు పారించడం మొదలుపెట్టినాడు. సందులో భీమమ్మ పాత చీర పరిచి వడియాలు ఎండబెట్టుకుని ఉంది.

"ఏమప్పా మద్దిలేటీ! రోడ్డు మీద వరి నాటుతాండావా?"

"జరుగు భీమమ్మా, దారి చేస్తాండా."

"ఎవరికి?"

"రేడియోకు."

"రేడియో ఈదుకుంటా వస్తాదా?"

"జారుకుంటా వస్తాది."

"నా వడియాలు ముందర జారినాయి, చూడు! అక్కా, ఓ అక్కా! నీ తమ్మున్ని లోపల కట్టేసుకో! బిందె నీళ్లకు మేము కొట్టుకు చస్తాంటే ఈయప్ప సందుకు తానం పోస్తాండాడు!"

నేను పరుగున వచ్చి మోటరు ఆపినాను. ఆ రోజు నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, మంచి కాయితం. ఎవరో చెప్తే ప్రేమయ్య అంగడి వదిలి ఉరికొచ్చినాడు. "సముద్రం మామా! నేను చెప్పింది సముద్రం!" అని నెత్తి కొట్టుకున్నాడు. మద్దిలేటి పైపు చేతిలో పట్టుకుని, పారిపోతున్న నీళ్లను చూస్తూ నిలబడినాడు. నవ్వే వాళ్లంతా నవ్విపోయినారు. వాడు మాత్రం అడిగింది ఒకటే. "సముద్రం యాడుండాది ప్రేమయ్యా, మనకు దగ్గర్లో?"

అక్కడి నుంచి ఇంట్లో నాకు నెమ్మది లేదు. అన్నం తింటూ లేస్తాడు. లారీ సద్దు వినబడితే ఫ్యాక్టరీ గేటు దాకా పోతాడు. "ఎటు పోతాండాదప్పా లోడు?" హైదరాబాదంటే మొగం మాడుతుంది, బెంగుళూరంటే మాడుతుంది. చివరికి లారీ నాగరాజ్ అన్నాడు, నెల్లూరు పక్క సముద్రం ఒడ్డున ఎవరో రొయ్యపిల్లల ఫ్యాక్టరీ కడుతున్నారు, పరచడానికి బండలు తోలుతున్నానని. మాట ముగియకముందే మద్దిలేటి క్యాబిన్‌లో ఉన్నాడు, రేడియో ఒళ్లో పెట్టుకుని. నేనూ ఎక్కినాను.

"నువ్వెందుకు పెద్దమ్మా?" అన్నాడు నాగరాజ్.

"ఒంటిగా పంపితే వీడు సముద్రానికి కూడా పైపు పెడతాడు. పోనీ."

బనగానపల్లె, ఆళ్లగడ్డ, మైదుకూరు, బద్వేలు. ఎక్కడ టీకి ఆపినా మద్దిలేటి దిగి రేడియో పెట్టి చూసేవాడు. "ఇంగా రాలేదు." పది మైళ్లు పోతే మళ్లీ "నిలుపప్పా."

"మామా, టైరు పంచరైతే కూడా నేను ఇన్నిసార్లు దిగలేదు. సముద్రం ఇంగా దూరముండాది."

"గాలి మారింది గదప్పా?"

"అది నీ బీడీ వాసన!"

ఒడ్డు చేరి, బండలు దించడానికి కూలోళ్లను పురమాయించి, నాగరాజ్ మమ్మల్ని నీళ్ల దగ్గరికి తీసుకుపోయినాడు. సముద్రాన్ని చూసి అందరూ అబ్బా అంటారంట. నేను అనలేదు. అన్ని నీళ్లు, ఒక్క చెంబు తాగడానికి పనికిరావు. ఏమి గొప్ప? కానీ ఒకటి ఒప్పుకుంటా. అది కూడా మా మద్దిలేటి మాదిరే. వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది, కాలు నిలవదు.

ఎండ మాడ్చేస్తోంది. మద్దిలేటి తడి ఇసుక మీద గొంతుక్కూర్చుని కుంకుమ బొట్టు మీదికి ముల్లు తిప్పినాడు. గుయ్యిమనే సద్దు. రేడియోను అటు తిప్పినాడు, ఇటు తిప్పినాడు. ఒక పక్కకు తిప్పితే సద్దు పలచబడి, అడుగున ఏదో కదిలింది. ముందు వాయిద్యం. తరువాత మనిషి గొంతు. పట్టపగలు, అంత ఎండలో! ఆడగొంతు, తెలుగు.

"శ్రోతలందరికీ నమస్కారం. ఈనాటి కార్యక్రమంలో..."

నేను వాని భుజం పట్టి ఊపినాను. "పాపే రా!"

మద్దిలేటి రేడియోకు చెవి ఆనించినాడు, బండకు ఆనించినట్టు. కండ్లు మూసుకున్నాడు. ఇన్నాడు, ఇన్నాడు. చెవి తీసేసినాడు.

"కాదక్కా."

"కాకపోవడమేందిరా?"

"యామిని ఇట్ల మాట్లాడదు. ఇది ఎవరో కోస్తా పిల్ల. ఎంత నున్నగుండాది చూడు, పాలిష్ పట్టినట్టు."

"రేడియోలో అట్లనే మాట్లాడల్లంట, నేర్పిస్తారంట!"

"నా కూతురు గొంతు నాకు తెలీదా?" అని లేచినాడు. అటు నాలుగు అడుగులు, ఇటు నాలుగు అడుగులు. వాని మొగం చూడలేకపోయినాను. అంత దూరం వచ్చింది ఇందుకా! నాగరాజ్ కూడా నవ్వడం మానేసినాడు.

రేడియోలో ఆ పిల్ల ఏవో కబుర్లు చెప్పి, పడవలోళ్ల కోసం వాతావరణం చదవడం మొదలుపెట్టింది. అలల సద్దులో కొంత పోతుంది, కొంత వస్తుంది. "...గాలులు మోస్తరుగా వీస్తాయి. సముద్రం ఈరోజు నెమ్మదిగా ఉండాది..."

ఆగింది. గొంతు సవరించుకుంది. "క్షమించాలి. నెమ్మదిగా ఉంది."

మద్దిలేటి ఎక్కడి వాడు అక్కడ నిలిచిపోయినాడు.

"ఇన్యావా అక్కా?"

"ఇన్యా."

"ఉండాది అనె!"

"అనిందిరా!"

"పాపే! అక్కా, పాపే!" రేడియోను రెండు చేతులా ఎత్తుకుని ఇసుకలో గుండ్రంగా తిరిగినాడు. తిరగడంలో గొంతు పోయింది. "తిప్పొద్దురా, పోతాంది, పోతాంది!" అని నేను అరిస్తే మళ్లీ అటే పెట్టుకున్నాడు. ఇంక కార్యక్రమం అయిపోయే దాకా ఊపిరి తీసినాడో లేదో నాకు తెలియదు. చివర నమస్కారం చెప్పి పాట పెట్టింది. వాడు రేడియో ఆపలేదు. "అయిపోయిందా? ఇంతేనా? మల్ల మాట్లాడదా?" అని నన్నడుగుతాడు, నేనేదో ఆ స్టేషన్ నడుపుతున్నట్టు.

నేను కొంగున కట్టుకున్న ఫోన్ తీసి పిల్లకు చేసినాను. ఒట్టు వానిది, నాది కాదు.

"అత్తా! ఇప్పుడే బయటికొచ్చినా. ఏం సద్దు అది? యాడుండావు?"

మావాని అలవాటు మావానిదే. ఫోన్లో మాట మొదలయ్యేసరికి మద్దిలేటి రేడియోను నాగరాజ్ చేతిలో పెట్టి బయలుదేరినాడు. ఇంటి దగ్గరైతే సందులోకి పోతాడు. ఇక్కడ సందేది? నేరుగా నీళ్లలోకి నడిచినాడు. మడమలు మునిగినాయి, పిక్కలు మునిగినాయి, వెనక్కి తిరిగి చూడకుండా పోతానే ఉన్నాడు.

నేను వాని కాళ్ల పక్క చూసినాను. చూసినాక నాకు తట్టింది.

"ఒరేయ్ మద్దిలేటీ! ఆడనే నిలబడు! కదలొద్దు!"

"ఏంటికి?"

"నీ కాళ్లు యాడుండాయి?"

"ఈడనే ఉండాయి."

"నేల మీద ఉండాయా?"

"నీళ్లలో ఉండాయి."

"స్వామి ముందర ఒట్టు ఏమని పెట్టినావు?"

వాడు వంగి తన కాళ్లను చూసుకున్నాడు. నాగరాజ్ పొట్ట పట్టుకున్నాడు. "పెద్దమ్మా, నువ్వు లాయరు కావల్సిన దానివి!"

"కింద ఇసుక ఉండాది గదక్కా" అన్నాడు మద్దిలేటి. కాదనమని నన్ను బతిమాలుతున్నట్టుంది.

"ఆ ఇసుక నీ కాలి కింద నిలుస్తాందా?"

"నిలవలేదు. జారుతాంది."

"నిలవనిది నేలెట్ల అయితాదిరా?"

చీర తడిస్తే తడిసిందని నేనే నీళ్లలోకి పోయి ఫోన్ వాని చేతికిచ్చినాను. వాడు చెవికి పెట్టుకున్నాడు. అవతల పిల్ల "అత్తా? అత్తా?" అంటోంది. చివరికి వాడన్నది ఇది.

"ఉండాది అంటివి."

"నాయనా?" అనింది పిల్ల. "నువ్వు ఇన్యావా? ఎట్ల ఇన్యావు?"

"ఉప్పునీళ్ల మీద." ఒక అల వచ్చి వాని పంచె తడిపి పోయింది. "ఆ ఆఫీసోళ్లు ఏమన్నా అంటారా, ఆ మాట అన్నందుకు?"

"అంటే అననీలే."

"అననీలే" అన్నాడు వీడు కూడా. అంతటితో ఊరుకుంటే బాగుండు. ఊరుకుంటాడా? "పెండ్లి సంగతి ఫోన్లో చెప్తారా ఎవరైనా?" అని మొదలుపెట్టినాడు. ఆ పిల్ల కూడా నా చేతిలో పెరిగిందే, "నువ్విప్పుడు మాట్లాడేది దేంట్లో నాయనా?" అనింది. నీళ్లలో నిలబడి వీడు, దీవిలో నిలబడి అది, ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకున్నారు. నాగరాజ్ లారీ దగ్గర హారన్ కొడుతూనే ఉన్నాడు. అల పెద్దదొకటి వచ్చి ఫోన్ తడపబోతే నేను లాక్కున్నాను. ఇంటికి రమ్మని అడగనే లేదని దారి పొడవునా ఏడ్చినాడు.

"అడుగు, ఇంద ఫోను" అంటే, "నేల మీద ఉండాను గదక్కా" అంటాడు. బద్వేలు, మైదుకూరు, ఆళ్లగడ్డ, అన్నీ నేలే.

ఇంటికొచ్చినాక తిరుగుడు రెండింతలైంది. రొయ్యపిల్లల ఫ్యాక్టరీకి ఇంక లోడు లేదు. "సముద్రం పక్క ఇల్లు కట్టేవాళ్లే లేరా అప్పా?" అని నాగరాజ్‌ను దినమూ పీకేవాడు. మధ్యాహ్నమైతే గేటు, వాకిలి, గేటు, వాకిలి.

మొన్న మధ్యాహ్నం నా ఫోన్ మోగింది. పిల్లే. మద్దిలేటి మామూలుగా సందు పట్టినాడు. వాకిట్లో తొట్టి దాకా పోయి ఆగినాడు. నేను పొద్దున్నే బర్రె కోసం నింపి పెట్టిన తొట్టి. తొట్టిని చూసినాడు, నన్ను చూసినాడు. పంచె ఎగగట్టి, ఒక కాలు ఎత్తి లోపల పెట్టినాడు, రెండో కాలు పెట్టినాడు. పిక్కల దాకా మా ఊరి ఉప్పునీళ్లు.

"ఇయ్యక్కా" అని చెయ్యి చాపినాడు.

ఏమంటాను? ఇచ్చినాను.

గోడ మీద నుంచి భీమమ్మ తల కనబడింది. "ఏమప్పా, మల్ల రేడియోనా?"

"కాదు, ఫోను."

"ఫోన్ కూడా ఈదుకుంటా వస్తాదా మీ ఇంటికి?"

మావాడు ఇనలేదు. తొట్టిలో కూడా నిలకడ లేదు, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు, నీళ్లు అంచు దాటి పోతున్నాయి. బర్రె వచ్చి మూతి చాపి, లోపల మనిషి కాళ్లు చూసి, బుస్సుమని ఊపిరి విడిచింది. వాడు దాని మూతిని మోచేత్తో తోసి, ఫోన్లోకి గట్టిగా అరుస్తున్నాడు, ఆ దీవి దాకా వట్టి నోటితోనే వినబడాలన్నట్టు.

"రమ్మనే చెప్తాండా! ఆ పిల్లగాన్ని కూడా పిలుచుకుని రా. ఎప్పుడొస్తావో బిన్నా చెప్పు పాపా, బర్రె నీళ్లకు వచ్చి నిలబడుండాది!"